ఎర్ర ఇంకు, పెంగ్విన్, నా పాత ల్యాప్‌టాప్



పోయిన పీటీఎమ్ రోజు మార్కులు చూపించడానికి ఇంటి నుంచి నా సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఐదో తరగతి పాప ఒకరు వాళ్లమ్మ వెనక నుంచి స్క్రీన్‌లోకి తొంగిచూసి, ‘‘మేడమ్, మీది విండోస్ కాదా? పైరేటెడా?’’ అని అడిగేసింది. వాళ్లమ్మగారు పాప నోరు మూయబోయారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే ఇదే ల్యాప్‌టాప్‌లో ఇంతకుముందు ఉన్నది పైరేటెడ్. ఇప్పుడున్నదే అసలైనది, పైగా దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ రోజు వెనక క్యూ పెద్దగా ఉండటంతో ఆ పాపకు వివరంగా చెప్పలేకపోయాను. తర్వాత మీలో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అదే అడిగారు. అందుకే ఈ నెల నా పేజీలో గ్రామర్ లేదు, పాత ల్యాప్‌టాప్ ముచ్చట ఉంది.

నా ల్యాప్‌టాప్‌లో నడిచేది లైనక్స్. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు లేచి మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటు చూపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం కదా, విండోస్ ఒకటి, ఇది ఇంకొకటి. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు దీని గుండెకాయ లాంటి కెర్నల్‌ను రాయడం మొదలుపెట్టాడు. రాసింది దాచుకోకుండా అందరి ముందూ పెట్టాడు. ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. దీని గుర్తు పెంగ్విన్. కొత్తగా విన్నట్టు అనిపిస్తోందా? మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని అడుగున నడుస్తున్నదీ లైనక్స్ కెర్నలే.

లైనక్స్ వాడేవాళ్లలో చాలామంది స్వేచ్ఛ గురించి, సిద్ధాంతం గురించి గంటలు గంటలు మాట్లాడతారు. నాకు అంత జ్ఞానం లేదు. నేను చదివింది డిగ్రీ, తర్వాత బీఎడ్. నన్ను ఇక్కడ కట్టిపడేసినవి మూడు నాలుగు చిన్న సాఫ్ట్‌వేర్లు. వాటిలో ఒకటి నాకు టీచర్‌గా ఒక గట్టి దెబ్బ వేసింది. దాని గురించి చెప్పడానికే ఇదంతా.

ముందు ల్యాప్‌టాప్ సంగతి. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. 2015లో నేను డిగ్రీలో చేరినప్పుడు చీటీ ఎత్తి సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చారు. నాలుగు జీబీ ర్యామ్, విండోస్ 7. షాపతను ‘‘అన్నీ ఎక్కించే ఇస్తున్నా సార్’’ అన్నాడు. ఆ ‘అన్నీ’ దొంగ కాపీలని మాకు అప్పుడు తెలియదు. మూడేళ్లు బాగానే నడిచింది. బీఎడ్‌కి వచ్చేసరికి ఆన్ చేసి, టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పుడు లేచేది.

2020 ఫిబ్రవరిలో నా యాక్షన్ రీసెర్చ్ రిపోర్ట్ సబ్మిట్ చేయాలి. ముందురోజు సాయంత్రం పెన్‌డ్రైవ్ తీసుకుని జిరాక్స్ షాపుకి వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో పెట్టగానే నా ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. మీలో ఆ వయసు వాళ్లకు ఈ వైరస్ గుర్తుండే ఉంటుంది. ఫోల్డర్ పేరు కనిపిస్తుంది, పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, నొక్కితే ఏమీ రాదు. పరుగెత్తుకుంటూ హాస్టల్‌కి వచ్చి నా ల్యాప్‌టాప్‌లో పెడితే అదీ అంటుకుంది. నలభై రెండు పేజీలు. రాత్రి ఎనిమిదింటికి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పక్క గదిలో ఎంసీఏ చదివే అక్క వచ్చి, ‘‘ఏమైందే? ఇటియ్యి’’ అని పెన్‌డ్రైవ్ లాక్కుని తన ల్యాప్‌టాప్‌లో పెట్టింది. అన్ని ఫోల్డర్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి! పక్కన ఆ దొంగ షార్ట్‌కట్‌లు కూడా ఉన్నాయి, కోరలు పీకిన పాముల్లా.

ఆమె చేసిన మంత్రం ఏమీ లేదు. ఆ వైరస్ అసలు ఫైళ్లను చెరిపేయదు. వాటిమీద ‘కనిపించొద్దు’ అని ఒక ముద్ర వేసి, వాటి స్థానంలో షార్ట్‌కట్ పెడుతుంది. ఆ ముద్రను విండోస్ గౌరవిస్తుంది. లైనక్స్ పట్టించుకోదు. ఆ షార్ట్‌కట్‌లో ఉన్న ప్రోగ్రామ్ విండోస్ కోసం రాసింది కాబట్టి ఇక్కడ నడవదు కూడా. అంతే. తెల్లారి రిపోర్ట్ ఇచ్చేశాను. ఆ ఆదివారమే అక్క నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ వేసి ఇచ్చింది. అలా నాకు నచ్చిన మొదటి లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఏదంటే, ఉట్టి ఫోల్డర్ల కిటికీ.

కష్టాలు లేవా అంటే, బోలెడు. మొదటి నెలంతా ప్రింటర్‌తో కుస్తీ పట్టాను. వర్డ్‌లో చేసిన ఫైల్ ఇక్కడ లిబ్రే ఆఫీస్‌లో తెరిస్తే టేబుళ్లు పక్కకి జరిగేవి. మా తెలుగు టీచర్ పాత డీటీపీ ఫాంట్లలో చేసిన ప్రశ్నపత్రం పంపితే నా స్క్రీన్ మీద అంతా పిచ్చి గీతలే. ఇవి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వేగం గురించి కూడా ఒక మాట. ఇప్పుడు నా ల్యాప్‌టాప్ అర నిమిషంలో లేస్తుంది, కానీ ఆ ఘనతంతా లైనక్స్‌దే అనను. 2021లో పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాను. నాన్న పక్కన నిలబడి చూసి, ‘‘ఇంజన్ బాగానే ఉందిరా, గేర్‌బాక్స్ మార్చారు’’ అన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

నేను టీచర్‌గా చేరింది 2020లో, అంటే లాక్‌డౌన్‌లో. నా మొదటి క్లాసులో పిల్లలు నలభై చిన్న గళ్లు. హోమ్‌వర్క్ ఎలా వచ్చేదో మీకే బాగా తెలుసు. నోట్‌బుక్ పేజీలను మీరే ఫోన్‌లో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేవారు. కొన్ని అడ్డంగా, కొన్ని తలకిందులుగా, కొన్నిటి మీద మీ చేతి నీడ. ఒకసారి పేజీ మూలన ఉప్మా ప్లేటు కూడా వచ్చింది. పీడీఎఫ్ అరేంజర్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో వాటన్నిటినీ వేసి, తిప్పి, వరసలో పెట్టి, ఒక్కో పిల్లకి ఒక్కో పీడీఎఫ్ చేసేదాన్ని. తర్వాత దిద్దడం. దానికి జర్నల్ ప్లస్ ప్లస్ వాడేదాన్ని.

పాత జర్నల్‌ను రాసింది డెనిస్ ఓరూ అనే గణితం ప్రొఫెసర్. బోర్డు మీద రాసే అలవాటున్న మనిషి చేసిన సాఫ్ట్‌వేర్ అని వాడినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. దాన్నే తర్వాత వేరే వాళ్లు తిరగరాసి జర్నల్ ప్లస్ ప్లస్ అన్నారు. పీడీఎఫ్‌ను తెరిచి దానిమీద పెన్నుతో రాసినట్టు రాయొచ్చు. మొదటి జీతంతో ఒక చిన్న పెన్ టాబ్లెట్ కొనుక్కున్నాను. ఎర్ర రంగు, సన్న పాళీ. క్లాసులు అయ్యాక రాత్రి పదకొండు వరకు దిద్దేదాన్ని. చేతిలో నిజం పెన్ను ఉన్నట్టే ఉండేది. తప్పుగా టిక్కు పడితే వెనక్కి తీసుకోవచ్చు, కాగితం మీద ఆ వసతి ఉండదు కదా.

మీరు గమనించాల్సింది ఒకటుంది. ఈ ప్రోగ్రామ్ పిల్లల పీడీఎఫ్‌ను ముట్టుకోదు. మనం రాసింది దానిమీద పరిచిన గాజు పలక లాగా వేరే పొరలో ఉంటుంది. దాన్ని లేయర్ అంటారు. కావాలంటే ఆ పొరను దాచొచ్చు. అడుగున ఉన్న పిల్లల పేజీని కూడా దాచొచ్చు.

ఆరో తరగతి అబ్బాయి ఒకడుండేవాడు. (ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వాళ్ల నాన్నగారిని అడిగే రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.) వాడు మొదట్లో హోమ్‌వర్క్ పంపేవాడు, తర్వాత ఆలస్యంగా పంపడం మొదలుపెట్టాడు, తర్వాత మానేశాడు. నేను మామూలుగా వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను, బాబు శ్రద్ధ పెట్టట్లేదని చెప్దామని. ఆయన కాసేపు విని, ‘‘మేడమ్, తప్పుగా అనుకోకండి. వాడు రాస్తున్నాడు. రాసింది పంపట్లేదు. మీ దగ్గర నుంచి వెనక్కొచ్చే పీడీఎఫ్ తెరవాలంటే భయపడుతున్నాడు’’ అన్నారు.

నాకు కోపం వచ్చింది. నిజాయితీగా చెప్తున్నాను, సిగ్గు తర్వాత వచ్చింది, ముందు కోపమే. పదకొండింటి దాకా కళ్లు పోయేలా కూర్చుని ఒక్క తప్పు వదలకుండా దిద్దుతుంటే ఈ మాటా అనిపించింది. ఇంత ఫీజు కడుతున్నాం, టీచర్ సరిగ్గా దిద్దట్లేదని మీరే కదా అంటారు! ఆ ఊపులోనే, నేనేం తప్పు చేశానో చూద్దామని వాడి పాత ఫైల్ తెరిచాను. ‘మా ఊరు’ అనే వ్యాసం. లేయర్ల లిస్టులో ఏదో నొక్కబోయి అడుగు పొరను దాచేశాను. వాడి చేతిరాత మాయమైంది. తెల్ల పేజీ మీద నా ఎర్ర ఇంకు ఒక్కటే మిగిలింది.

ఆ పేజీ ఎలా ఉందో చెప్పనా? కొట్టివేతలు. సున్నాలు. ‘స్పెల్లింగ్’, ‘టెన్స్’, ‘అగైన్?’, ‘హౌ మెనీ టైమ్స్ ఐ టోల్డ్?’ (ఈ చివరిది నేనే తప్పు ఇంగ్లీషులో రాశాను, చూడండి.) రెండు పేజీల్లో ఎక్కడా ఒక్క టిక్కు లేదు. బాగుంది అనే మాట లేదు. వాడు ఏం రాశాడో తెలియకుండా ఆ ఎర్ర పేజీని మీకు చూపిస్తే, ఎవరో ఎవరితోనో గొడవపడ్డారనుకుంటారు. మిగతా పిల్లల ఫైళ్లు కూడా తెరిచి అడుగు పొరలు దాచి చూశాను. ఆ రాత్రి ముప్పై పైన చూసి ఉంటాను. ఫస్ట్ ర్యాంకు పిల్లల పేజీల్లో టిక్కులున్నాయి. వెనకబడినవాళ్లవి అన్నీ ఒకేలా ఉన్నాయి.

వాడి పేజీని వెనక్కి తెచ్చి మళ్లీ చదివాను, ఈసారి నా ఎర్ర పొరను దాచి. ఆరో లైన్‌లో వాడు రాసిన మాట తెలుగులో చెప్పాలంటే ఇది: వాన రాకముందే మా నానమ్మకు దాని వాసన తెలుస్తుంది, మాకు తడిశాక తెలుస్తుంది. పదకొండేళ్ల పిల్లాడు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఆ వాక్యం మీద నేను చేసిన పని ఏమిటంటే, ‘స్మెల్స్’లో ఒక అక్షరం తగ్గిందని దాని చుట్టూ సున్నా చుట్టడం. అంతకుమించి ఏమీ లేదు. అసలు ఆ వాక్యాన్ని నేను చదివిన గుర్తే లేదు.

అదే పేజీని మళ్లీ దిద్దాను. ఇంకో పొర వేసి, ఆకుపచ్చ రంగు తీసుకుని, ముందు బాగున్నవాటికి గుర్తులు పెట్టాను. తప్పుల్లో మూడింటిని మాత్రమే ఎర్ర రంగులో ఉంచాను, మిగతావి వచ్చే వారానికి వదిలేశాను. నానమ్మ వాక్యం పక్కన రెండు ముక్కలు రాశాను. పంపాను. వాడి నుంచి ‘ఓకే మేడమ్’ అని ఒక మెసేజ్ వచ్చింది, అంతే, సినిమాల్లోలా ఏమీ జరగలేదు. ఆ వారం హోమ్‌వర్క్ మాత్రం వచ్చింది. వాడి స్పెల్లింగ్ ఇంటర్‌కి వచ్చినా అంతంతమాత్రమే అని వాళ్ల నాన్నగారే మొన్న నవ్వుతూ చెప్పారు.

అప్పటి నుంచి నెలకోసారి ఈ పని చేస్తాను. ఇప్పుడు క్లాసులు నేరుగానే జరుగుతున్నాయి కాబట్టి పది నోట్‌బుక్‌ల పేజీలు స్కాన్ చేసి దిద్దుతాను, తర్వాత పిల్లల రాతను దాచేసి నా రాత ఒక్కటే చూసుకుంటాను. నా కొత్త ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని ఫీడ్‌బ్యాక్ అది. మీ పిల్లల నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకు కనబడగానే దాన్ని పట్టుకుని పిల్లల మీదికి వెళ్లే ముందు, టీచర్ రాసింది ఒక్కటే ఒకసారి చదివి చూడండి. అన్యాయం అనిపిస్తే డైరీలో రాయండి. నాకైనా సరే.

రెండోది ఆడాసిటీ. గొంతు రికార్డు చేసి, కత్తిరించి, శుభ్రం చేసుకునే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పుట్టి 2000లో బయటికొచ్చింది. మీ పిల్లలు ఫోన్‌లో వినే డిక్టేషన్ ఆడియోలు నేను దీంతోనే చేస్తాను. మా ఇంట్లో ఫ్యాన్ శబ్దం బోరింగ్ పంపు శబ్దంలా ఉంటుంది. రికార్డింగ్ మొదట్లో రెండు సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటాను. తర్వాత ఆ రెండు సెకన్లను మాత్రమే చూపించి ‘ఇదిగో, ఇది ఫ్యాన్, దీన్ని తీసెయ్’ అంటే మొత్తం రికార్డింగ్‌లోంచి తీసేస్తుంది. కుక్కర్ విజిల్ మాత్రం పోదు. అది వస్తే మళ్లీ మొదటి నుంచే.

క్లాసులో దీని ఉపయోగం ఇంకొకటి. మాట్లాడిన మాట స్క్రీన్ మీద అలలుగా కనబడుతుంది. ఉచ్చారణ తప్పు అని చెవికి చెప్తే పిల్లలు ఒప్పుకోరు, కంటికి చూపిస్తే ఒప్పుకుంటారు. ‘స్కూల్’ అనమంటే సగం క్లాసు ‘ఇస్కూల్’ అంటుంది. ఒకరిని మైక్ దగ్గరికి పిలిచి అనిపిస్తే, సన్నగా గరగరలాడే ‘స్’ కన్నా ముందే ఒక బుడిపె లేస్తుంది. ‘ఆ బుడిపె ఎవరు?’ అంటే అందరూ ‘ఇ...’ అని అరుస్తారు. ‘షిప్’, ‘షీప్’ పక్కపక్కన పెడితే హ్రస్వానికీ దీర్ఘానికీ ఉన్న తేడా స్కేలుతో కొలవొచ్చు. తెలుగు పిల్లలకు హ్రస్వ దీర్ఘాలు పుట్టుకతో వచ్చినవే, ఇంగ్లీషులో కూడా ఉన్నాయని ఎవరో ఒకరు చూపించాలంతే.

మీ ఇంట్లో ఐదారేళ్ల పిల్లలుంటే జీకొంప్రి చూడండి. ఫ్రెంచిలో ‘జే కొంప్రి’ అంటే ‘నాకు అర్థమైంది’ అని. బ్రూనో కూడోయిన్ అనే ఆయన 2000లో మొదలుపెట్టారు. వందకు పైగా చిన్న ఆటలు: పైనుంచి పడే అక్షరాన్ని కీబోర్డు మీద వెతికి నొక్కడం, గడియారం ముల్లు తిప్పి టైమ్ పెట్టడం, నీరు ఆవిరై మబ్బై వాన కావడం. యాడ్లు ఉండవు. ‘తర్వాతి లెవెల్‌కి డబ్బు కట్టండి’ ఉండదు. మా అక్క కొడుకు ఫోన్ కోసం ఏడ్చే గంటలో నేను దీన్ని తెరిచి పెడతాను. నాలుగు రోజులకు ఒకసారి పని చేస్తుంది. మిగతా మూడు రోజులు ఫోనే కావాలంటాడు, అబద్ధం చెప్పను.

మీరు చదువుతున్న ఈ వ్యాసం కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే టైప్ చేశాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే. తెలుగు మాట్లాడతాను, చదువుతాను, రాయడం మాత్రం ఉత్తరం ముక్క కూడా రాసి ఎరగను. లైనక్స్‌లో తెలుగు టైపింగ్‌కు రకరకాల పద్ధతులు ముందే ఉంటాయి. నేను వాడేది ఆర్‌టీఎస్, అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారిపోయే పద్ధతి. అందులో ‘ఆర్’ అంటే రైస్. తినేది కాదు, అమెరికాలో హ్యూస్టన్‌లో ఉన్న రైస్ యూనివర్సిటీ. అక్కడ చదువుకున్న తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి ఇది. ఫాంట్లు కూడా అంతే. దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన గురజాడ, మండలి, రామభద్ర ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గత సంవత్సరం దాకా ఈ పత్రికలో నేను ఇంగ్లీషు పేజీల్లోనే రాశాను. మా అమ్మ పత్రిక తిరగేసి నా ఫొటో చూసి పక్కన పెట్టేది. ఈసారి చదువుతుంది.

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. పైన చెప్పినవాటిలో జర్నల్ ప్లస్ ప్లస్, ఆడాసిటీ, జీకొంప్రి విండోస్‌లో కూడా నడుస్తాయి. స్కూలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో నేనే వేసుకుని చూశాను. అలాంటప్పుడు నువ్వు లైనక్స్‌ను పట్టుకుని ఎందుకు వేలాడుతున్నావని మా కంప్యూటర్ సార్ అడిగారు. నా దగ్గర పెద్ద జవాబు లేదు. ఇక్కడ ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా ఒకే చోట దొరుకుతుంది, ఆ వెబ్‌సైట్‌లో ఈ వెబ్‌సైట్‌లో ‘డౌన్‌లోడ్’ అని మెరిసే పచ్చ బటన్లు నొక్కక్కర్లేదు. ఒకప్పుడు అలా నొక్కే కదా వైరస్‌లు తెచ్చుకున్నాను. అప్‌డేట్లన్నీ ఒకేసారి వస్తాయి, నేను సరే అన్నప్పుడే వస్తాయి, క్లాసు మధ్యలో రావు. పదేళ్లు దాటిన మెషీన్‌ను ‘నీ పని అయిపోయింది’ అనదు. ఒక సాఫ్ట్‌వేర్ కోసం కాదు, అవన్నీ ఇక్కడ ఒకదానితో ఒకటి సర్దుకుని ఉన్నందుకు ఉంటున్నానేమో. అదీగాక ఏడ్చిన రోజు ఆదుకున్నవాళ్లను మర్చిపోలేం కదండీ, మనుషులైనా, పెంగ్విన్ అయినా.

మీకు పనికొచ్చే మాట ఒకటి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు కొంచెం కొత్త ప్రాసెసర్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీ ఇంట్లో పాత సిస్టమ్‌కు అవి లేకపోవచ్చు. పీటీఎమ్‌లో ‘బాబుకు కొత్త ల్యాప్‌టాప్ కొనాలా మేడమ్’ అని అడిగేవాళ్లు ఈ ఏడాది ఎక్కువయ్యారు. ఈఎమ్‌ఐ మొదలుపెట్టే ముందు ఒక్క ఆదివారం ఆగండి. లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, హార్డ్ డిస్క్‌లో ఏమీ మార్చకుండా, పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. నచ్చకపోతే తీసేయండి, మీ సిస్టమ్ ఉన్నట్టే ఉంటుంది. నచ్చి ఎక్కించాలనుకుంటే మాత్రం ముందు ఫొటోలు, ఫైళ్లు వేరేచోట కాపీ పెట్టుకోండి, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. విండోస్ కోసమే చేసిన అకౌంట్స్ ప్యాకేజీలు వాడే వ్యాపారస్తులు, పెద్ద పెద్ద గేములు ఆడే పిల్లలున్నవాళ్లు దీని జోలికి రాకపోవడమే మంచిది. ఆరో తరగతి పిల్లల టైపింగ్‌కు, ప్రాజెక్టులకు, వీడియో పాఠాలకు ఆ పాత సిస్టమ్ ఇంకా సరిపోతుందేమో చూడండి. కేరళలో ప్రభుత్వ బడులు ఏళ్లుగా లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెప్తున్నాయి.

వచ్చే పీటీఎమ్‌కు నా ల్యాప్‌టాప్ మళ్లీ తెస్తాను. పెంగ్విన్‌ను చూడాలనుకున్న పిల్లలను తీసుకురండి, ఆ ‘పైరేటెడా’ పాపను ముఖ్యంగా. ‘ఇస్కూల్’ బుడిపె కూడా చూపిస్తాను. ప్రింటర్ గురించి మాత్రం నన్నేమీ అడగకండి.